వేడి తగ్గితేనే హోరు తగ్గేది
ఇంటి సినిమాకు కంప్యూటర్: విడిభాగాల ఎంపికలో మెలకువలు

న్యూఢిల్లీ: సినిమాలో కథ మలుపు తిరిగే ఘట్టం. సంగీతం ఆగిపోయింది. పాత్రలు గుసగుసలాడుకుంటున్నాయి. సరిగ్గా ఆ క్షణంలోనే టీవీ పక్కన ఉన్న కంప్యూటర్‌లో ఫ్యాను హోరు అందుకుంటుంది. మాటలు వినపడటం లేదని ధ్వని పెంచితే, ఆ వెంటనే వచ్చే పోరాట దృశ్యానికి ఇల్లు అదిరిపోతుంది. పెద్ద తెర, ఖరీదైన స్పీకర్లు కొన్నవారు సైతం చివరికి ఈ చిన్న ఫ్యాను దగ్గర ఓడిపోతున్నారు.

32 అంగుళాలకు మించిన టీవీలపై వస్తు సేవల పన్నును 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించడంతో పెద్ద తెర మధ్యతరగతి ఇళ్లకు మరికొంత చేరువైంది. దానికి జతగా సొంతంగా ఒక కంప్యూటర్‌ను అమర్చుకోవాలని చాలామందికి ఉంటుంది. అయితే ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. కేవలం ఆన్‌లైన్ సినిమా సంస్థల చందాతో సరిపెట్టుకునే వారికి కంప్యూటర్ అవసరమే లేదు. టీవీకి తగిలించే చిన్న పుల్లలాంటి పరికరం ఆ పని చేస్తుంది, అందులో ఫ్యానే ఉండదు. పైగా చందా సంస్థలు నకళ్ల భయంతో కంప్యూటర్ బ్రౌజర్లన్నింటికీ అత్యధిక నాణ్యత గల 4కె దృశ్యాన్ని ఇవ్వవు. సొంత డిస్కులు, ఏళ్ల తరబడి కూడబెట్టిన పాటలు, కుటుంబ వీడియోలు, ఫొటోలు అన్నీ ఒకే తెర మీద చూడాలనుకునే వారికే కంప్యూటర్ అవసరం. ఈ వ్యాసం వారి కోసమే.

నిశ్శబ్దం అనే విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ - ఎక్కడికి వెళ్లినా 'సైలెంట్' అని రాసిన ఫ్యాన్లు, పెట్టెలు అమ్మకానికి కనిపిస్తాయి. కానీ ఫ్యాను అనేది వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. లోపల వేడి పుడుతున్నది కాబట్టి ఫ్యాను తిరుగుతున్నది. 20 వాట్లు తినే యంత్రం 20 వాట్ల వేడిని వదులుతుంది. 120 వాట్లు తినే యంత్రం పాతకాలపు 60 వాట్ల బల్బులు రెండింటిని ఒక ఇరుకు పెట్టెలో వెలిగించినంత వేడిని వదులుతుంది. మొదట పుట్టే వేడిని తగ్గించుకున్న వారికి ఆ తర్వాత ఖర్చు తక్కువ, తలనొప్పి తక్కువ. ముందు వేడి యంత్రం కొని, తర్వాత దాని నోరు నొక్కడానికి పూనుకున్న వారికి రెండూ ఎక్కువే.

లెక్క ఎలా ఉంటుంది?

ధ్వనిని కొలిచే డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. 10 డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది, చెవికి మాత్రం శబ్దం సుమారు రెండింతలైనట్లు తోస్తుంది. ఒకే రకం ఫ్యాన్లు రెండు పక్కపక్కన తిరిగితే పెరిగేది 3 డెసిబెళ్లే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల హద్దు విధించాయి. ఆ హద్దును మన కాలనీలు ఏ మేరకు పాటిస్తున్నాయన్నది వేరే చర్చ. పడకగదిలో రాత్రి వేళ 30 డెసిబెళ్లకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. సినిమా చూసే గదిలోనూ ఆ చుట్టుపక్కల అంకెనే లక్ష్యంగా పెట్టుకోవడం సమంజసం.

ఫ్యాను విషయంలో ప్రకృతి మనకు అనుకూలంగానే ఉంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే అది తోసే గాలి సగమవుతుంది, కానీ శబ్దం సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది. అంటే గాలిలో కొంత నష్టపోయి నిశ్శబ్దంలో ఎంతో లాభపడతాము. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి మార్గం పెద్ద ఫ్యాను. 120 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యం 80 మిల్లీమీటర్ల దానికంటే రెండుంపావు రెట్లు ఎక్కువ. కనుక నెమ్మదిగా తిరిగే ఒక పెద్ద ఫ్యాను, గిర్రున తిరిగే రెండు చిన్న ఫ్యాన్ల పనిని సడి లేకుండా చేస్తుంది. అరచేతిలో ఇమిడే 'మినీ' కంప్యూటర్లు కొన్ని తమ పరిమాణానికి మించి చప్పుడు చేయడానికి కారణం ఇదే. వాటిలో పట్టేది చిన్న ఫ్యానే, అది వేగంగా తిరగక తప్పదు. ఆ వేగంలో వచ్చే సన్నని కూత బరువైన హోరు కంటే చెవికి ఎక్కువ బాధాకరం.

ఫ్యాను పెట్టె మీద ముద్రించిన డెసిబెళ్ల అంకెలను మాత్రం పోల్చి చూసుకోవడం దండగ. ఒక తయారీదారు ఎంత దూరం నుంచి, ఎలాంటి గదిలో కొలిచాడో మరొక తయారీదారు అలాగే కొలిచి ఉంటాడన్న హామీ లేదు.

మన ఎండల సంగతి

కంప్యూటర్ల గురించి సమీక్షలు రాసే విదేశీ పత్రికలు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీలు ఉన్న గదిలో పరీక్షలు జరుపుతాయి. మన దేశంలో చాలా ఇళ్లకు ఆ ఉష్ణోగ్రత డిసెంబర్‌లోనే దొరుకుతుంది. చిప్‌ను చల్లబరిచే లోహపు రెక్కల దిమ్మె, అంటే హీట్‌సింక్, చిప్ ఉష్ణోగ్రతను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. దానికి మించి ఎంత పెరగాలన్నది మాత్రమే నిర్ణయించగలదు. 22 డిగ్రీల గదిలో 45 డిగ్రీలు పెరిగి 67 వద్ద నిలిచే చిప్, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 38 డిగ్రీల గదిలో 83కు చేరుతుంది. ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీల వరకు తట్టుకుంటాయి కనుక అది కాలిపోదు. కానీ ఫ్యాను మాత్రం తన వేగాన్ని పెంచుకుంటూ పోతుంది. అక్కడ పిల్లిలా ఉన్న యంత్రం ఇక్కడ వేసవిలో పులి కావడానికి కారణం ఇదే. హీట్‌సింక్‌ను అవసరమని చెప్పిన దానికంటే ఒక మెట్టు పెద్దదిగా ఎంచుకోవడం మన వాతావరణంలో దుబారా కాదు.

సీలింగు ఫ్యాను తిరిగే గదిలో కంప్యూటర్ చప్పుడు వినిపించదు కదా అనే వాదన ఉంది. నిజమే. అయితే సీలింగు ఫ్యాను చప్పుడు ఒకే తీరుగా ఉంటుంది. ఒకే తీరుగా ఉండే శబ్దాన్ని చెవి కాసేపటికి మరచిపోతుంది. కంప్యూటర్ ఫ్యాను అలా కాక పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చిరాకు పుట్టించేది దాని తీవ్రత కంటే ఆ మార్పే.

ప్రాసెసర్: బలం కాదు, నేర్పు

విడిభాగాల్లో మొదట నిర్ణయించుకోవలసింది ప్రాసెసర్. సినిమా ఫైళ్లు కుదించిన రూపంలో ఉంటాయి. వాటిని విప్పి తెర మీదికి పంపడమే ఈ యంత్రం ప్రధాన విధి. ఆ పనికి ప్రత్యేకంగా కేటాయించిన విభాగం చిప్‌లోనే ఉంటే, 4కె సినిమాను కూడా కొద్ది వాట్లతో అలవోకగా చూపిస్తుంది. ఆ విభాగం లేకపోతే చిప్ మొత్తం నడుం బిగించి చెమటోడ్చాలి. అప్పుడు ఫ్యాను హోరు ఖాయం. కాబట్టి అడగవలసిన ప్రశ్న 'ఎన్ని గిగాహెర్ట్జ్?' అన్నది కాదు. 'ఏ ఏ కుదింపు పద్ధతులను ఇది స్వయంగా విప్పగలదు?' అన్నది.

4కె బ్లూరే డిస్కుల్లో వాడేది హెచ్.ఇ.వి.సి. పద్ధతి. యూట్యూబ్ వంటివి వి.పి.9, ఏ.వి.1 పద్ధతులను వాడుతున్నాయి. ఇంటెల్ చిప్‌లలో హెచ్.ఇ.వి.సి., వి.పి.9లను 10 బిట్ల నాణ్యతతో సహా విప్పే సామర్థ్యం 7వ తరంలో వచ్చింది. ఏ.వి.1ను విప్పే సామర్థ్యం 11వ తరంతో, అంటే 2020 నుంచి ప్రవేశించింది. ఏ.ఎం.డి. వారి రైజెన్ 5600జి మంచి చిప్పే అయినా అందులో ఏ.వి.1 విభాగం లేదు. 2024లో వచ్చిన 8600జిలో ఉంది. కాబట్టి పాత చిప్ చవకగా వస్తున్నదని కొనే ముందు ఈ ఒక్కటి సరిచూసుకోవాలి.

సినిమాలు, పాటలు, కాస్త ఇంటర్నెట్ - ఇంతకు మించి పని లేని వారికి 2023 జనవరిలో విడుదలైన ఇంటెల్ ఎన్100 వంటి చిప్ సరిపోతుంది. ఇది 6 వాట్ల తరగతికి చెందినది. ఆ అంకెను యథాతథంగా నమ్మనక్కర్లేదు, బోర్డు తయారీదార్లు అంతకు మించి వాడుకోనిస్తారు. అయినా ఫ్యాను అవసరం లేకుండా, కేవలం లోహపు రెక్కలతోనే చల్లబడే బోర్డుల మీద ఈ చిప్ అతికించి వస్తున్నది. తిరిగే భాగమే లేని యంత్రం చప్పుడు చేయలేదు. ఎండాకాలానికి మాత్రం దాని మీదుగా గాలి ఆడేలా చూసుకోవాలి.

పిల్లల చదువులు, ఆఫీసు పని కూడా అదే యంత్రం మీద జరగాలంటే 2022లో వచ్చిన కోర్ ఐ3-12100 లాంటిది మధ్యేమార్గం. దాని మూల సామర్థ్యం 60 వాట్లు, కొద్దిసేపు 89 వాట్ల దాకా ఎగబాకుతుంది. అదే తరానికి చెందిన ఐ5-12400 అయితే పేరుకు 65 వాట్లే గాని గరిష్ఠంగా 117 వాట్లు తాగుతుంది. సినిమా చూడటానికి ఆ అదనపు దూకుడు అక్కరకు రాదు. బోర్డు సెట్టింగుల్లో, అంటే బయోస్‌లో, గరిష్ఠ హద్దును 35 వాట్లకు కుదించుకునే వీలు చాలా బోర్డుల్లో ఉంది. పైసా ఖర్చు లేని చికిత్స ఇది. ఫ్యాను ఉష్ణోగ్రతలోని ప్రతి చిన్న మార్పుకూ ఉలిక్కిపడకుండా, కొన్ని సెకన్లు ఆగి స్పందించేలా అక్కడే అమర్చుకోవచ్చు.

మరో హెచ్చరిక. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అందులో దృశ్య విభాగం ఉండదు. కాస్త చవకగా వస్తాయి కనుక దుకాణాల్లో వీటిని విరివిగా చూపిస్తారు. అది కొన్నవారు విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు. కార్డుతో పాటు దాని ఫ్యాన్లూ వస్తాయి. వీడియో గేములు ఆడని ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు అంటే డబ్బిచ్చి చప్పుడు కొనుక్కోవడమే.

మదర్‌బోర్డు గురించి చెప్పుకోవలసింది కొద్దిగానే ఉంది. హెచ్.డి.ఎం.ఐ. 2.0 గాని, ఆ పైది గాని ఉండాలి. 1.4 రకం రేవు 4కె దృశ్యాన్ని సెకనుకు 30 ఫ్రేములకు పరిమితం చేస్తుంది. చవక బోర్డులు కొన్నింటిలో ఇప్పటికీ అదే ఉంటున్నది. అలాగే 4కె బ్లూరే డిస్కులను అధికారిక సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోనే చూడాలనుకునే వారికి నిరాశ తప్పదు. అందుకు అవసరమైన రక్షణ వ్యవస్థను ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ చిప్‌లలో తొలగించింది. ఆ డిస్కులకు విడి ప్లేయరే గతి.

ధరలు, సుంకాలు

కంప్యూటర్ విడిభాగాల్లో సింహభాగం మనకు దిగుమతి సరుకే. 1996 డిసెంబర్‌లో సింగపూర్‌లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ 1997లో చేరింది. ఆ మేరకు ఒప్పందం పరిధిలోని వస్తువులపై మౌలిక కస్టమ్స్ సుంకం 2005 నాటికి సున్నాకు దిగింది. మిగిలింది 18 శాతం జి.ఎస్.టి., దానికి తోడు డాలరు రేటు. ఇక 2023 ఆగస్టు 3న కేంద్రం లాప్‌టాప్‌లు, టాబ్లెట్లతో పాటు అతి చిన్న కంప్యూటర్ల దిగుమతికీ లైసెన్సు తప్పనిసరి అని ప్రకటించి సంచలనం రేపింది. మర్నాడే అమలును అక్టోబర్ ఆఖరుకు వాయిదా వేసింది. చివరికి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకునే పద్ధతితో సరిపెట్టింది. ఆ ప్రకటన విడిభాగాల జోలికి రాలేదు. టీవీ పక్కన పెట్టే బుల్లి కంప్యూటర్‌కు పేరు తెచ్చిన ఇంటెల్ సంస్థ కూడా ఆ ఏడాది జులైలోనే తన ఎన్.యు.సి. వ్యాపారం నుంచి తప్పుకొని దాన్ని ఏసస్‌కు అప్పగించింది.

ర్యామ్ విషయంలో కొనుగోలుదారులకు గట్టి దెబ్బే తగిలింది. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో 2025 ద్వితీయార్ధంలో ప్రపంచమంతటా మెమరీ ధరలు ఎగబాకాయి. అదే ఏడాది డిసెంబర్‌లో మైక్రాన్ సంస్థ 'క్రూషియల్' పేరిట వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్ని విరమించుకుంటున్నట్లు ప్రకటించింది. ఊరట ఏమిటంటే, సినిమా చూపించే యంత్రానికి 8 జి.బి. ర్యామ్ చాలు. 16 ఉంటే సుఖమే. 32 ఉండాలని పట్టుబట్టే అమ్మకందారు మీ అవసరం గురించి మాట్లాడటం లేదు.

అసలు దోషి ఒక్కోసారి వెనుక ఉంటుంది

మన దేశంలో క్యాబినెట్ కొంటే ఎస్.ఎం.పి.ఎస్. కూడా అందులోనే బిగించి ఇవ్వడం చిరకాలంగా వస్తున్న ఆచారం. ప్రాసెసర్‌కు వేలు ఖర్చు పెట్టి, కరెంటు సరఫరా చేసే పెట్టెను మాత్రం ఉచితంగా వచ్చిన దానితో సరిపెట్టుకుంటారు. చాలా ఇళ్లలో హోరుకు మూలం ఆ చవక పెట్టెలోని ఫ్యానే. అది ప్రాసెసర్ ఎంత చల్లగా ఉన్నా పట్టించుకోకుండా తన పాటికి తాను తిరుగుతూ ఉంటుంది.

దీనికి విరుగుడుగా కొందరు 750 వాట్ల భారీ ఎస్.ఎం.పి.ఎస్. కొంటారు. అదీ పొరపాటే. 2004లో మొదలైన '80 ప్లస్' ధ్రువీకరణ ప్రధానంగా 20, 50, 100 శాతం భారం వద్ద సామర్థ్యాన్ని కొలుస్తుంది. సినిమా చూసేటప్పుడు 30 వాట్లు తినే యంత్రం 750 వాట్ల పెట్టె మీద వేసే భారం 4 శాతమే. ఆ స్థాయిలో బంగారు ముద్రకు పెద్ద అర్థం లేదు. తక్కువ వాట్ల యంత్రానికి లాప్‌టాప్‌లకు వాడే తరహా బయటి అడాప్టర్ ఉత్తమం. దాని వేడి పెట్టె బయటే ఉంటుంది, ఫ్యాను ఉండదు. దాని మీద భారత ప్రమాణాల బ్యూరో రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. కాస్త పెద్ద యంత్రమైతే, భారం తక్కువగా ఉన్నంతసేపు ఫ్యాను పూర్తిగా ఆగిపోయే రకం ఎస్.ఎం.పి.ఎస్. తీసుకోవచ్చు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లకు మరో మాట. కరెంటు పోయినప్పుడు చతురస్ర తరంగం ఇచ్చే పాత రకం ఇన్వర్టర్ మీద ఎస్.ఎం.పి.ఎస్.లు జుమ్మంటాయి, కొన్ని సరిగా పని చేయవు కూడా. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ బెడద ఉండదు. ఇక కొన్ని బోర్డుల్లో, కార్డుల్లో ఉండే తీగచుట్టల నుంచి వచ్చే సన్నని కీచు శబ్దానికి ముందుగా మందు లేదు. వస్తువు మార్చుకునే గడువులోగా గమనించి తిరిగి ఇచ్చేయడమే మార్గం.

ఫైళ్లు దాచుకునే హార్డ్ డిస్కు కూడా తిరిగే వస్తువే. దాని చప్పుడు కంటే దాని కంపనం ప్రమాదకరం. క్యాబినెట్ రేకుకు బిగించి ఉంటే ఆ రేకు మొత్తం డోలులా మోగుతుంది. విండోస్ లేదా కోడి వంటి సాఫ్ట్‌వేర్‌కు చిన్న ఎస్.ఎస్.డి. పెట్టుకొని, ఒక్కొక్కటి 50 జి.బి.కి పైగా తూగే సినిమాలను వేరే గదిలోని డిస్కులో ఉంచి నెట్‌వర్క్ తీగ ద్వారా రప్పించుకోవడం తెలివైన పద్ధతి. అది కుదరకపోతే డిస్కుకు రబ్బరు వాషర్లు వేసి బిగించాలి.

దుమ్ము సంగతి చెప్పకుండా ఊరుకోలేము. రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము హీట్‌సింక్‌కు రగ్గు కప్పినట్లవుతుంది. నిరుడు నిశ్శబ్దంగా ఉన్న యంత్రం ఈ ఏడు హోరెత్తుతున్నదంటే ముందుగా అనుమానించవలసింది దాన్నే. తీసి కడుక్కోగల జాలీ ఉన్న క్యాబినెట్ ఎంచుకోవాలి. వెచ్చదనం కోసం లోపలికి చేరే బల్లులు, బొద్దింకల నుంచి కూడా ఆ జాలీయే రక్ష. విదేశీ సమీక్షల్లో ఈ ప్రస్తావన కనిపించదు. అందం కోసం కంప్యూటర్‌ను టీవీ కింది అలమారలో పెట్టి అద్దం తలుపు మూసేయడం మరో అలవాటు. చప్పుడు తగ్గుతుందన్న ఆశతో చేసే ఈ పని వేడిని లోపలే బంధించి, అరగంట తర్వాత ఫ్యాను వేగాన్ని రెట్టింపు చేయిస్తుంది. అలమార వెనుక పలక తీసేస్తే చాలావరకు సరిపోతుంది.

కొనే రోజున బిల్లు మీద ఎస్.ఎం.పి.ఎస్., ఫ్యాను, బోర్డుల మోడల్ నంబర్లు విడివిడిగా రాయించుకోవాలి. '500 వాట్స్ ఎస్.ఎం.పి.ఎస్.' అని మాత్రమే రాసిన బిల్లు వారంటీ అడిగే వేళ అక్కరకు రాదు. యంత్రాన్ని దుకాణంలో నడిపి చూపించినప్పుడు ఆ సందడిలో ఏ కంప్యూటరైనా మౌనంగానే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక రాత్రి పదకొండు దాటిన తర్వాత, గది ఫ్యాను ఆపేసి, ఒక 4కె సినిమా పెట్టి ధ్వని పూర్తిగా తీసేసి, కూర్చునే సోఫాలోనే అరగంట కూర్చుని విని చూడాలి. మార్చుకునే గడువు సాధారణంగా కొద్ది రోజులే కనుక ఆ పరీక్షను మొదటి రాత్రే జరపడం మంచిది.